నిల్వ వేరు, వనరు వేరు: అగ్నిగుండాల సీసం మీద ఒక లెక్క

మా రామసముద్రం పేరులో సముద్రమున్నది గాని, ఆ సీమలో నీటికోసం మనిషి చూడవలసినది ఎప్పుడూ పాదాల కిందికే. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల రైతు బోరు వేయించదలిస్తే ముందు నీళ్ళు చూసేవాణ్ణి పిలుస్తాడు. అతడు అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ నిలబడ్డ చోట రాయి పెడతాడు. కొందరు పంగల వేపపుల్ల పట్టుకుంటారు. తరువాత బోరు బండి వస్తుంది, రాత్రంతా తెల్లని గ్రానైటు దుమ్ము ఎగజిమ్ముతుంది. తెల్లవారేసరికి ఆ రైతు అప్పు ఎంత పెరిగినదీ తెలుస్తుంది, నీళ్ళు మాత్రం ఒక్కొక్కప్పుడే తెలుస్తాయి. ఎండిపోయిన బోరుకు యాభై అడుగుల దూరంలో పక్క కయ్యవాడికి నీళ్ళు ఉబికివచ్చిన సంగతి నేను కళ్ళారా చూశాను. భూమిలో ఒక్కచోట సూది గుచ్చి చేనంతటి సంగతి చెప్పడం ఎంత సాహసమో నాకు మొదట బోధపరచినది ఏ గ్రంథమూ కాదు, ఆ బోరే.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, ఒకనాటి నా శిష్యుడు, నేడు టమోటా సాగు చేసుకుంటున్నవాడు, ఒకరోజు ఫోను చేసి, "సార్, మన కుప్పం కాడ పద్దెనిమిది లచ్చల టన్నుల బంగారముందంట గదా! ఇంగ మనోళ్ళకు కూలికి బెంగుళూరు పోయే పనుండదేమో?" అని అడిగాడు. కుప్పం పక్కన చిగురుగుంట, బిసానత్తం గనుల గురించి పత్రికల్లో వచ్చిన వార్త అది. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఒకప్పుడు తవ్వి వదిలిన చోటు, తరువాత ఎన్.ఎం.డి.సి. పేరు వినవచ్చింది. వార్తలో ఉన్నది 18.3 లక్షల టన్నుల ఖనిజం, టన్నుకు సగటున 5.15 గ్రాముల బంగారం అని. "లేదు నాయనా, గుణించి చూడు" అన్నాను. 18.3 లక్షలను 5.15తో గుణిస్తే 94 లక్షల చిల్లర గ్రాములు, అనగా తొమ్మిదిన్నర టన్నులకు కొంచెం తక్కువ. పద్దెనిమిది లక్షల టన్నులెక్కడ, తొమ్మిదిన్నర టన్నులెక్కడ! అయినా ఆ తొమ్మిదిన్నర కూడా "ఉన్నది" అనే మాటకు ఏ అర్థంలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న. శిష్యుడికి ఫోనులో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

బంగారం కథ అందరూ చెప్పేదే. పైగా మాకు కూతవేటు దూరంలోని కోలారు గనుల మీద కావలసినన్ని పుస్తకాలున్నాయి. అందుచేత నేను తక్కువ మెరుపున్న లోహాల వైపు వెళతాను. సీసము, తుత్తునాగము. తెలుగునేల మీద భూగర్భపు లెక్క ఒకటి పుట్టి, పెరిగి, గనిగా మారి, గని మూతపడినా కాగితం మీద మిగిలిపోయిన వైనం మనకు స్పష్టంగా కనబడేది పల్నాటి అగ్నిగుండాల సీసంలోనే.

ముందు మాటల సంగతి. తెలుగు పండితుడికి ఈ బలహీనత క్షమించాలి. సీసానికి రసశాస్త్రంలో నాగమని పేరు. ఇంగ్లీషువారు జింకు అనేదానికి మన నిఘంటువుల్లో తుత్తునాగమన్న మాట ఉన్నది, పాఠ్యపుస్తకాలు యశదమన్నాయి, వాడుకలో జింకే నిలిచింది. రసశాస్త్ర గ్రంథాలు జింకు ముడిరాతిని రసకమనీ ఖర్పరమనీ పిలిచాయి. సీసపు ముడిరాయి గెలీనా. చేతిలోకి తీసుకుంటే చిన్న పలుకు కూడా బరువుగా తోస్తుంది, విరిస్తే ఘనాకారపు ముక్కలుగా విడిపోతుంది, కొత్తగా విరిగిన ముఖం అద్దంలా మెరుస్తుంది. దానినే నూరి ఈజిప్టువారు కన్నులకు కాటుక పెట్టుకున్నారు. మన దేశంలో సురమా పేరుతో అమ్ముడయ్యేదానిలో కూడా తరచు ఇదే ఉంటుంది. పాతరలోని నిధిని కనిపెట్టడానికి అంజనం వేసి చూడడమన్న ఆచారం మన పల్లెల్లో ఉన్నది కదా. అంజనానికీ అంచనాకూ చుట్టరికమున్నదని నేననను గాని, గెలీనా విషయంలో ఆ రెండూ ఒకే రాతి దగ్గర కలుసుకోవడం చమత్కారంగానే ఉన్నది.

కొబ్బరికాయలతో, అంజనాలతోనే మన పూర్వులు గనులు వెతికారని అనుకోకూడదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆకరాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు, ఆకరమంటే గని. పాతగని ఎక్కడున్నదో చిట్టెపురాళ్ళను, మూసలను, బొగ్గును, బూడిదను చూసి గుర్తించాలనీ, కొత్తదైతే మట్టిరాళ్ళ రంగు, బరువు, వాసన, రుచి పరీక్షించాలనీ అందులో చెప్పారు. ఇరవయ్యో శతాబ్దపు భూగర్భశాస్త్రజ్ఞుడు అరణ్యంలో దిగి మొదట చేసిన పనీ ఇదే. రాజస్థానంలో ఉదయపూరు దగ్గరి జావర్‌లో గుట్టలు గుట్టలుగా పడి ఉన్న మట్టి మూసలే, జింకును ఆవిరిగా మార్చి కిందికి చల్లార్చి పట్టే విద్య మనవారికి శతాబ్దాల కిందటే తెలుసునని ప్రపంచానికి చాటాయి. జింకు తీయడం సీసం తీసినంత సులువు కాదు. కొలిమి వేడికి అది ఆవిరై గాలిలో కలిసిపోతుంది. దానిని పట్టి బంధించినవారు నిజంగా సిద్ధులే.

తెలుగునాట పరిస్థితి ఏమిటి? మా ఊరి గ్రానైటు నేల నుంచి ఉత్తరంగా, ఈశాన్యంగా పోతే కడప సీమలో రాళ్ళ లోకమే మారిపోతుంది. నెలవంక ఆకారంలో సుమారు 440 కిలోమీటర్ల పొడవున, తిరుపతి కొండల వైపు నుంచి జగ్గయ్యపేట దాకా పరుచుకున్న ఆ పురాతన అవక్షేప శిలల ప్రాంతాన్ని కడప బేసిన్ అంటారు. దానికి విలియం కింగ్ అనే ఆంగ్లేయుడు 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాశాడు. తూర్పుభాగమంతా నల్లమల. మంగంపేట ముగ్గురాయి ఆ బేసిన్‌దే, మైదుకూరు దగ్గరి జంగంరాజుపల్లె పాత సీసపు గోతులు ఆ బేసిన్‌వే, ఈశాన్యాన వినుకొండ ప్రాంతపు అగ్నిగుండాలా దానిదే. ఒకనాటి గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా.

అగ్నిగుండాలలో మూడు చోట్ల పేర్లు వినబడతాయి: బండ్లమోటు, నల్లకొండ, ధూకొండ. బండ్లమోటు సీసానికి, తక్కిన రెండూ ముఖ్యంగా రాగికి. సీసమున్నది డోలమైటు అనే సున్నపురాతి జాతి శిలలో, పొరల వెంబడి. రాగి ఉన్నచోట రాతి మీద ఆకుపచ్చ, నీలి మరకలు కనబడతాయి. కంచుచెంబుకు చిలుము పట్టినట్టే అనుకోండి. సీసానికి అంతటి సౌకర్యం లేదు. పైన వాన, గాలి తగిలి రూపు మారిపోతుంది, లోపల మాత్రమే మెరుస్తుంది. 1851లో మొదలైన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారు స్వాతంత్ర్యం తరువాత, ముఖ్యంగా 1960లలో ఇక్కడ పటాలు గీసి, డ్రిల్లింగు చేసి, రాయి ఎంత ఉన్నదో లెక్క కట్టడం మొదలుపెట్టారు.

ఆ లెక్క ఎలా కడతారు? ఈ ప్రశ్న దగ్గర మన పత్రికలు ఎప్పుడూ ఆగవు. నేను ఆగుతాను, ఎందుకంటే మర్మమంతా ఇక్కడే ఉన్నది.

బోరు బండి రాతిని పొడి చేసి బయట పోస్తుంది. ఖనిజాన్వేషణకు అది చాలదు. వజ్రపు పలుకులు పొదిగిన గుండ్రని కిరీటం వంటి పనిముట్టును తిప్పుతూ దించితే, మధ్యలోని రాయి తెగిపోకుండా కడ్డీలాగా గొట్టంలో నిలుస్తుంది. సుమారు రెండంగుళాల మందపు ఆ రాతికడ్డీని కోరు అంటారు. దానిని బయటికి తీసి, అడుగుల లెక్క రాసిన పెట్టెల్లో వరుసగా పేర్చి, నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగం పరీక్షకు పోతుంది. మరో సగం పెట్టెలోనే భద్రంగా ఉంటుంది, రేపు ఎవరైనా అనుమానపడితే చూపించడానికి. ఆ రెండో సగం ఎంత విలువైనదో మరికొంతసేపటికి మనవి చేస్తాను.

పరీక్షలో ఈ ముక్కలో ఇంత శాతం సీసం, ఆ ముక్కలో ఇంత అని తేలుతుంది. ఇక సగటు. ఇందులో మొదటి పొరపాటు చాలా తేలికగా జరుగుతుంది. రెండు మీటర్ల కోరులో 6 శాతం, దాని కింద నాలుగు మీటర్లలో 3 శాతం ఉన్నాయనుకోండి. ఆరు, మూడు కలిపి రెండుతో భాగించి నాలుగున్నర అంటే తప్పు. పొడవును బట్టి తూకం వేయాలి: రెండార్లు పన్నెండు, నాలుగు మూళ్ళు పన్నెండు, మొత్తం ఇరవైనాలుగును ఆరు మీటర్లతో భాగిస్తే 4 శాతమే. అర శాతమేగదా అనకండి, లక్షల టన్నుల మీద అర శాతం వేల టన్నులవుతుంది.

రెండో పొరపాటు మందానికి సంబంధించినది. భూమిలో ఖనిజపు పొర వాలుగా ఉంటుంది. డ్రిల్లు దానిని ఎటునుంచి కోసినదీ ముఖ్యం. ముల్లంగిని అడ్డంగా కోస్తే చిన్న బిళ్ళ, ఏటవాలుగా కోస్తే పెద్ద బిళ్ళ వచ్చినట్టు, పొరను ముప్ఫై డిగ్రీల కోణంలో కోసిన కడ్డీలో పది మీటర్ల ఖనిజం కనబడితే నిజమైన మందం అయిదు మీటర్లే. కనబడ్డ పదినే మందమనుకుంటే నిక్షేపం రెట్టింపయిపోతుంది, కాగితం మీద.

ఇవి సరిచూసుకున్నాక, డ్రిల్లు రంధ్రాల వరుసలను బట్టి భూమిని నిలువుగా కోసినట్టు బొమ్మలు గీసి, ఈ రంధ్రంలోని పొరే ఆ రంధ్రంలోనూ కనిపించినదని నమ్మితే రెండింటినీ గీతతో కలుపుతారు. మొత్తం శాస్త్రంలో ధైర్యమంతా ఆ ఒక్క గీతలో ఉన్నది. తరువాతిదంతా మా ఆరో తరగతి గణితం. ఊహకోసం చెబుతున్నాను, ఇది అగ్నిగుండాల లెక్క కాదు: పొర 400 మీటర్ల పొడవు, వాలు వెంబడి 150 మీటర్ల లోతు, 5 మీటర్ల మందం అనుకుంటే మూడు లక్షల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మూడు టన్నులు తూగితే తొమ్మిది లక్షల టన్నుల ఖనిజం. 4 శాతం చొప్పున 36,000 టన్నుల సీసం. తూకం విషయంలోనూ జాగ్రత్త కావాలి. డోలమైటు నీటికన్న మూడింతలకు కొంచెం తక్కువ బరువు. గెలీనా ఏడున్నర ఇంతలు. సీసం ఎక్కువున్న ముక్క బరువూ ఎక్కువే గనుక అన్నిటికీ ఒకే తూకం వేస్తే లెక్క మళ్ళీ తప్పుతుంది.

ఇప్పుడు ఆలోచించండి, ఎంత చూసి ఎంత చెబుతున్నామో. వ్యవసాయశాఖవారు వరి దిగుబడి అంచనాకు అయిదు మీటర్ల చదరం కోసి నూర్చి తూస్తారు. అది ఎకరంలో సుమారు నూటఅరవయ్యో వంతు. పైగా పంట కళ్ళముందు ఉన్నది. యాభై మీటర్లకొక డ్రిల్లు రంధ్రం వేస్తే, ఆ రెండంగుళాల కడ్డీ తన చుట్టూ ఉన్న యాభై మీటర్ల చదరంలో పన్నెండు లక్షల వంతు. అది కూడా చీకట్లో. రంధ్రాలు దగ్గర చేస్తే నమ్మకం పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

ఈ చీకటిలో దారి చూపినవారిలో దక్షిణాఫ్రికా గనుల ఇంజనీరు డానీ క్రిగ్ ఒకడు. బంగారు గనుల్లో బాగా ఎక్కువ విలువ చూపిన నమూనాను నమ్మి తవ్వితే, ఆ తునకలో నిజంగా దొరికేది తక్కువగా ఉంటున్నదని గమనించి, 1951 ప్రాంతంలో దానికొక సవరణ చెప్పాడు. ఫ్రాన్సు గణితవేత్త జార్జ్ మాథెరాన్ దానిని శాస్త్రంగా విస్తరించి, మొదటివాడి పేరు మీదనే క్రిగింగ్ అని స్థిరపరిచాడు. సారాంశం మన పల్లె న్యాయమే: దగ్గరి సాక్షి మాటకు ఎక్కువ తూకం, దూరపు సాక్షికి తక్కువ, ఒకేచోట గుంపుగా నిలబడ్డ సాక్షుల మాటలను కలిపి ఒక్కటిగానే చూడు. ఇప్పుడు కంప్యూటర్లు ఆ పని క్షణంలో చేస్తాయి. కాని ఎంత దూరం దాకా సాక్ష్యం చెల్లుతుందన్నది ఇంకా మనిషే తేల్చాలి.

ఇంతవరకు వచ్చినది భూమిలో ఉన్న రాయి ఎంత అన్న లెక్క. తవ్వదగినది ఎంత అన్నది వేరే లెక్క. దానికి కటాఫ్ అనే గీత గీస్తారు: ఇంత శాతానికి తక్కువైతే అది ఖనిజం కాదు, రాయి. ఆ గీతను ప్రకృతి గీయలేదు. కూలి ఎంత, కరెంటు ఎంత, లండను లోహపు మార్కెట్టులో సీసం ధర ఎంత, కొలిమి ఎంత దూరం అన్నవి గీస్తాయి. నిన్న ఖనిజమైన రాయి ఇవాళ ధర పడిపోతే కదలకుండా ఉన్నచోటనే రాయి అయిపోతుంది. కోలారులో దీనికి తిరుగుడు కథ కూడా ఉన్నది: 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు, కాని నూరేళ్ళపాటు పనికిరాదని పారబోసిన సైనైడు దిబ్బల్లో మిగిలిన బంగారమెంతో మళ్ళీ లెక్కలు కట్టారు.

తర్కశాస్త్రం చదివినవారికి ఇది కొత్త కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. కొండ మీద పొగ చూసి నిప్పున్నదని తెలుసుకోవడం అనుమానప్రమాణం. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు, హేతువును బట్టి తెలుసుకోవడం. నిప్పును కంటితో చూడడం ప్రత్యక్షం. గనులవారు వనరును మూడు మెట్లుగా విడదీస్తారు: మెజర్డ్, ఇండికేటెడ్, ఇన్ఫర్డ్. మొదటిది దగ్గర దగ్గర రంధ్రాలతో కొలిచినది, చివరిది పొగ మాత్రమే చూసినది. పొగ అనుకున్నది పొగమంచు కావచ్చునని మన తార్కికులు హేత్వాభాసాల అధ్యాయంలో ముందే హెచ్చరించారు. ఈ మూడు మెట్లూ వనరులోనివే. గనిని ఎలా తవ్వాలో, ఎంత ఖర్చవుతుందో, లాభం ఉంటుందో లేదో తేల్చుకున్న తరువాత మిగిలేదే నిల్వ. ఐక్యరాజ్యసమితి 1997లో రూపొందించిన పద్ధతిని మన దేశం కూడా స్వీకరించింది. అందులో ప్రతి లెక్కకు మూడంకెల గుర్తు ఉంటుంది. మొదటి అంకె లాభసాటితనానికి, రెండోది సాధ్యాసాధ్యాల పరిశీలనకు, మూడోది భూగర్భ జ్ఞానానికి. 111 అంటే అన్నివిధాలా నమ్మదగినది. 333 అంటే పొగ.

ఇక అగ్నిగుండాలకు తిరిగి వద్దాం. అక్కడి లెక్క కాగితంలోనే ఉండిపోలేదు. 1966లో ఏర్పడ్డ ప్రభుత్వసంస్థ హిందుస్థాన్ జింక్ బండ్లమోటులో సీసపు గని నడిపింది. ముడిరాతిని అక్కడే నూరి, నురుగులో తేల్చి, సీసం పాలు ఎక్కువున్న పొడిని వేరుచేసి, విశాఖపట్నం మింది దగ్గర 1970ల చివరలో నెలకొన్న కొలిమికి పంపేవారు. ఒడిశాలోని సర్గిపల్లి నుంచి కూడా అక్కడికి సీసం వచ్చేది. నల్లమల అంచున తవ్విన రాయి సముద్రతీరాన లోహమై వెళ్ళింది. సంస్థలో ప్రభుత్వవాటా 2002లో ప్రైవేటు పాలయింది. నేడు బండ్లమోటు గని లేదు, విశాఖ కొలిమీ నడవడం లేదు.

అదే సంస్థకు రాజస్థానంలో ఎదురైనది మరో అదృష్టం. రాంపురా ఆగూచాలో 1977లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు పైన తుప్పురంగు రాళ్ళు, పాత చిట్టెపు గుట్టలు చూసి నిక్షేపాన్ని గుర్తించాడు. ఆకరాధ్యక్షుని లక్షణమే మళ్ళీ ఫలించింది. మొదటి లెక్క ఆరు కోట్ల టన్నుల పైచిలుకు, అందులో జింకు పదమూడు శాతం ప్రాంతం. 1991లో గని తెరిచాక, లోతుకు పోయేకొద్దీ లెక్క పెరిగింది. రెండు చోట్లా లెక్క కట్టే విద్య ఒక్కటే, భూమి వేరు.

మరి బండ్లమోటు మూతపడ్డాక ఆ సంఖ్య ఏమైనట్టు? ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వారు అయిదేళ్ళకొకసారి కట్టే జాతీయ ఖనిజ పట్టికలో 2010 ఏప్రిల్ 1 నాటికి దేశంలో సీసం, జింకు ఖనిజం మొత్తం 685.59 మిలియన్ టన్నులు, మన లెక్కలో అరవైఎనిమిదిన్నర కోట్ల టన్నులు. అందులో ఆంధ్రప్రదేశ్‌ది 22.69 మిలియన్, అనగా రెండు కోట్ల ఇరవైఆరు లక్షల తొంభైవేల టన్నులు. రాజస్థానం తరువాత రెండో స్థానం మనదే! రాజస్థానానిది వందకు ఎనభైఎనిమిది పాళ్ళు, మనది మూడు పాళ్ళ పైచిలుకు. 2015 ఏప్రిల్ 1 నాటి పట్టికలో దేశపు మొత్తం 749.46 మిలియన్లకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌ది? మళ్ళీ 22.69. ఈ నడుమ రాష్ట్రమే రెండయింది, ఆ సంఖ్యలో దశాంశ స్థానం కూడా కదలలేదు.

నేను ముప్ఫై ఏళ్ళు హాజరుపట్టీలు రాసినవాణ్ణి. ప్రతి ఏటా మారకుండా అదే సంఖ్య వస్తే దాని అర్థం పిల్లలు స్థిరంగా ఉన్నారని కాదు, పట్టీ ఎవరూ తెరవలేదని. ఆ 2015 పట్టికలోనే దేశపు 749.46లో నిల్వ అనదగినది 106.12 మిలియన్లు మాత్రమే, ఏడింట ఒక వంతు. తక్కిన ఆరు వంతులూ వనరు. నడిచే గని గాని, తవ్వకపు ప్రణాళిక గాని లేని చోటి రాయి ఆ ఏడో వంతులోకి రాదు. కనుక మన రెండు కోట్ల ఇరవైఆరు లక్షల టన్నులనూ "నిల్వలు" అని రాసిన ప్రతి వాక్యమూ తప్పే. తప్పు లెక్కది కాదు, తెలుగుది. ఇల్లాలు గాదెలో నిల్వ ఉన్నదంటే వండి పెట్టగలనని అర్థం. అడవిలో కట్టెలున్నాయన్నది వేరే మాట.

ఈ మాటల తేడా పండితుల పట్టింపని కొట్టివేయడానికి వీల్లేదు. 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లాలో మూడువేల టన్నులకు పైగా బంగారం ఉన్నదని వార్త వెలువడింది. దేశమంతా ఊగిపోయింది. కొద్ది రోజుల్లోనే జియలాజికల్ సర్వేవారు వివరణ ఇచ్చారు: అక్కడ ఉన్నట్టు అంచనా వేసినది 52,806.25 టన్నుల ఖనిజం, టన్నుకు 3.03 గ్రాములు, బంగారం సుమారు 160 కిలోలు. మూడువేల టన్నులు నూటఅరవై కిలోలయ్యాయి. 2023లో జమ్మూలోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం అని వచ్చినప్పుడూ ఇదే తంతు. అది లోహం కాదు, ఖనిజం. నిల్వ కాదు, ఇన్ఫర్డ్ వనరు. వేలానికి పెడితే పాడేవారు చాలినంతమంది రాలేదు. పాడేవాళ్ళకు తర్కం తెలుసు.

పొరపాటున జరిగేది ఇలా ఉంటే, పనిగట్టుకుని చేసిన మోసమూ ఉన్నది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో కెనడాకు చెందిన బ్రె-ఎక్స్ అనే కంపెనీ, ప్రపంచంలోకెల్ల పెద్ద బంగారు నిక్షేపాల్లో ఒకటి తనదని చెప్పి వందల కోట్ల డాలర్ల విలువ సంపాదించింది. 1997లో స్వతంత్ర పరిశీలకులు మళ్ళీ డ్రిల్లు చేసి చూస్తే అక్కడ బంగారమే లేదు. నమూనాల్లో బంగారపు పొడి కలిపారు. ఆ కంపెనీ తన కోరును సగం దాచలేదు, మొత్తం నూరివేసింది. పెట్టెలో మిగిలే రెండో సగం విలువ ఇదే. ఆ దెబ్బ తరువాత 2001లో కెనడాలో కొత్త నియమం వచ్చింది: గనిని చూసి, అర్హత కలిగిన మనిషి పేరు పెట్టి సంతకం చేయనిదే ఇలాంటి సంఖ్యను ప్రకటించకూడదు. ఆస్ట్రేలియాలో 1989 నుంచే అటువంటి నియమావళి ఉన్నది.

సంఖ్యకు సంతకం కావాలన్న ఈ నియమం నాకెంతో నచ్చింది. మన పల్లెలో నీళ్ళు చూసేవాడు బోరు ఎండిపోయినా మర్నాడు ఇంకొక చేనికి పోయి దక్షిణ పుచ్చుకుంటాడు. ఎక్కడా సంతకం చేయడు. ఒకసారి మా చేనిలోనూ కాయ నిలబడింది. ఆ కథ ఇంకెప్పుడైనా రాస్తాను.

శిష్యుడికి ఇదంతా మరునాడు చెప్పాను. విని, "అట్లయితే ఆ తొమ్మిదిన్నర టన్నులన్నా ఉండాదా, లేదా సార్?" అన్నాడు. "ఉన్నదని లెక్క కట్టినవారు నిజాయితీగానే కట్టి ఉంటారు. తీయడానికి గిట్టుతుందా, గిట్టినా ఆ పని మన ఊరివాళ్ళకు దొరుకుతుందా అన్నవి ఆ సంఖ్యలో లేవు నాయనా" అన్నాను. టమోటా లోడు ఎత్తించాలి, మదనపల్లె మార్కెట్టుకు పోవాలని ఫోను పెట్టేశాడు.

చదువరులకొక విన్నపం. రిజర్వుకు నిల్వ, రిసోర్సుకు వనరు అని నేను వాడుతున్నాను. మెజర్డ్, ఇండికేటెడ్, ఇన్ఫర్డ్ అన్న మూడింటికి మితము, సూచితము, అనుమితము అన్నవి నాకు తోచినవి. మితమంటే కొంచెమన్న అర్థం కూడా ఉండడం వల్ల మొదటిది అంత బాగా కుదరలేదు. అంతకన్న మంచి మాటలు మీకు తట్టితే తెలియజేయండి. బండ్లమోటు గని నడిచిన రోజుల్లో అక్కడ పనిచేసినవారో, వారి పిల్లలో ఇది చదువుతుంటే, ఆ రాతికడ్డీల పెట్టెలు ఎక్కడ ఉండేవో, ఇప్పుడెక్కడున్నాయో రాయమని కోరుతున్నాను.